వాలుకు అడ్డంగా నడిచిన మనిషి

నా చేను పాడుచేయించుకోవడానికి నేను ఒక్క పైసా ఖర్చు పెట్టలేదు. పలమనేరు బజారులో ఈ మాట గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలిగిన మనిషి ఇంకొకడు ఉంటే చూపించండి. మిగతావాళ్లు జేసీబీకి గంట లెక్కన బాడుగ కట్టి, డ్రైవరుకు బిర్యానీ పెట్టించి మరీ నేల తవ్వించుకుంటారు. నేను జేసీబీ ఆయన్ని టీ కొట్టు దగ్గర అరపూట కూర్చోబెట్టి, మెత్తగా మాట్లాడి, బాడుగ లేకుండా ఒప్పించాను. "చేనులో పదకొండు వరసల రాళ్లున్నాయి, పెరికి నువ్వే తీసుకుపో, అదే నీ బాడుగ" అన్నాను. ఆయన ఎవరిదో ప్రహరీగోడకు రాళ్లు వెతుకుతున్నాడు. తలూపాడు. అక్కడితో ఆగితే నేను అంగట్లో పెరిగినవాణ్ణే కాదు. ఆ రాత్రి భోజనం కూడా ఆయన చేతే పెట్టించుకుని ఇంటికి వచ్చాను.

రెండు రోజుల్లో నాలుగెకరాలూ గుండు గీయించుకున్న తలలా నున్నగా తయారయ్యాయి. కొండవాలు మీద చేను అది. పైనుంచి కిందిదాకా ఒకటే జారుడు. పై అంచున నిలబడి చూసుకుంటుంటే నా తెలివికి నాకే ముద్దొచ్చింది.

ఆ పదకొండు వరసలు పేర్చిన మనిషి పోయిన నెల చనిపోయింది.

ఆ రోజు నేను సరుకు కోసం మద్రాసు వెళ్లి ఉన్నాను. తిరిగొచ్చిన మర్నాడు ఆమె కోడలు కర్మాంతరానికి సామాన్లు తీసుకోవడానికి అంగడికి వచ్చింది. బెల్లం, కందిపప్పు, సాంబ్రాణి, అన్నీ చీటీ చూసి చెప్పింది. సంచీ కట్టించుకున్న తరువాత కూడా కదల్లేదు.

"పాడె మోసేటోళ్లు నేరుగా దిగబోయినారన్నా" అంది.

"యాడ?"

"మా చేన్లోనే. కింది మూలన గదా, మా మామ పక్కన పూడ్చింది. నలుగురూ ఎత్తుకోని చేను నడిమిట్లో నిట్టనిలువున దిగబోతా ఉంటే నేను పైనుంచి అరిచినా. అడ్డంగా పోండప్పా, గెనిమ పట్టుకోని సుట్టు తిరిగి పోండి అని. నాకు మతి పోయిందనుకున్యారు అందరూ. మా యత్త ఏ పొద్దూ నేరుగా దిగలేదు గదన్నా. నీకు తెలుసు గదా."

తెలుసు.

చేనుకు వేసే గట్టును మా వైపు గెనిమ అంటారు. మామూలు చేలకు మట్టితో వేస్తారు. వాలు చేలల్లో అయితే వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో రాళ్లు పేర్చుకుంటూ పోతారు. వాన పడితే నీళ్లు రాళ్ల సందుల్లోంచి మెల్లగా దిగిపోతాయి, మన్ను వెనక నిలిచిపోతుంది. అలా ఏళ్ల తరబడి నిలిచి నిలిచి వాలు చేను కాస్తా మెట్లు మెట్లుగా మారుతుంది. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. కొన్న కొత్తలో నాకు తెలిసింది వరసకు ఎన్ని ట్రాక్టర్ల రాయి వస్తుందనే.

ఆమె చేను నా చేనుకు సరిగ్గా కింద. ఎకరన్నర ఉంటుంది. పది అడుగుల కింద కొడవలి జారిపడినా సరే, ఆమె గెనిమ వెంట చివరిదాకా నడిచి, అంచున ఉన్న బండ మీదుగా దిగి, కింది గెనిమ వెంట మళ్లీ వెనక్కి నడిచి వచ్చి తీసుకునేది. మొదట్లో చూపు ఆనదేమో అనుకున్నాను. మోకాళ్లేమో అనుకున్నాను. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"మడిసి పదితూర్లు దిగితే దోవ పడతాదప్పా. దోవ పడితే నీళ్లు దాన్ని కనిపెడతాయి. నీళ్లకు మనమే ఇల్లు సూపిచ్చినట్లయితాది" అంది.

సన్నటి మనిషి. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కునేది, మోచేతుల దాకా మడిచి. తలకు తువ్వాలు. ఏదైనా చెప్పాలంటే ఎడమ అరచేతిని ఏటవాలుగా వంచి, దాని మీద కుడిచేతి వేళ్లను అడ్డంగా పెట్టేది. అదే ఆమె పలక, అదే బలపం. నీళ్ల గురించి చెప్పినా అంతే, మొగుడి గురించి చెప్పినా అంతే. మొగుడు బాగా తాగేవాడట. "ఒకేతూరి ఆపాల్నని సూస్తి. తెంచుకోని పోయినాడు" అని వంచిన అరచేతి అంచున ఒక్క వేలు పెట్టి చూపించేది. "ఇంగ అట్ల కాదని ఈడ ఇంత, ఆడ ఇంత, ఇంగో సోట ఇంత, ఆపుకుంటా వచ్చినా. పదేండ్లకు నిలిచినాడు." అప్పుడు నాలుగు వేళ్లూ అరచేతి మీద వరసగా ఉండేవి.

వాన వస్తే ఊళ్లో అందరూ ఇంట్లోకి పరిగెత్తుతారు. ఆమె గోనెపట్ట తల మీద వేసుకుని చేనులోకి పరిగెత్తేది. నీళ్లు ఎటు పోతున్నాయో వానలో తప్ప తెలియదు కదా అనేది. ఎండ కాసినప్పుడు చేను చూడటానికి వచ్చే నాలాంటి వాళ్ల మీద ఆమెకు జాలి.

పై చేను ఒకప్పుడు ఆమె మరిదిది. పంపకాల్లో అది ఆయనకూ, ఇది వీళ్లకూ వచ్చాయి. గెనిమలు మాత్రం రెండు చేలలోనూ ఆమె, ఆమె మొగుడూ వేసినవే. పైన పదకొండు, కింద ఏడు. మరిది చేనులో నీకేం పని అని ఊరు నవ్వితే, "నీళ్లకు పంపకాలు యాడ తెలుస్తాయి" అందట. మరిది చేను అమ్ముకుని వెళ్లిపోయాడు. కొన్నది నేను.

రిజిస్ట్రేషన్ అయిన మర్నాడు చేను చూసుకుందామని వెళితే ఆమె గెనిమ మీద కూర్చుని ఉంది. నన్ను ఎగాదిగా చూసింది.

"అంగడప్పవా?"

"అవును పెద్దమ్మా."

"నీ ఇష్టమొచ్చింది ఏసుకో. చెనిక్కాయలు ఏసుకో, టమోటా ఏసుకో, మామిడి పెట్టుకో. ఈ రాళ్లను మాత్రం కదిలించొద్దు. ఇదొక్కటే నేను అడిగేది."

ఇంకెవరైనా అయితే సరే అనేవాడు. నేను అంగట్లో గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. ఎదుటివాడు అడగకుండానే ఒక వస్తువు గురించి మాట్లాడితే, ఆ వస్తువు మీద అతనికి కన్ను ఉందని అర్థం. చింతపండు కొనడానికి వచ్చినవాడు "మిరపకాయలు ఈసారి బాలేవే" అన్నాడంటే మిరపకాయలకే వచ్చాడు. మా నాయన నాకు నేర్పిన చదువు అది. ఆ చదువు ప్రకారం, ఈ ముసలామె రాళ్లు కదిలించొద్దు అంటోందంటే రాళ్లకు ధర ఉందన్నమాట. నేను గమనించేలోపు తనే మోసుకుపోవాలని చూస్తోందన్నమాట. ఇంటికి వచ్చి రాయి ధర విచారించాను. నిజంగానే ధర ఉంది. ఆ సాయంత్రమే జేసీబీ ఆయన కోసం టీ కొట్టుకు వెళ్లాను.

ఎవరైనా ఉన్న మాట ఉన్నట్టు చెబితే నమ్మడం మా చదువులో లేదు.

దున్నడంలోనూ అదే తెలివి. ట్రాక్టరు కుర్రాడు చేను చూసి, "అడ్డంగా దున్నాలంటే బండి ఒరుగుతాది సామీ, మెల్లగా పోవాల, రెండు దినాలు పడతాది. నిలువుగా అయితే పొద్దు గూకేలోపల అయిపోతాది" అన్నాడు. బాడుగ గంటకు. నేను నిలువుగా అన్నాను. అలా నాలుగెకరాల నిండా పైనుంచి కిందికి చాళ్లు తీయించాను. నీళ్లకు ఒక్క ఇల్లు కాదు, ఊరంతా చూపించాను.

నాలుగు వారాలకు గట్టి వాన పడింది. మర్నాడు పొద్దున అంగడి తెరిచి సాంబ్రాణి వెలిగిస్తున్నాను. ఆమె మొదటి బస్సుకు వచ్చినట్టుంది. చంకన సత్తుబిందె, దాని మీద మోదుగాకు. నేరుగా వచ్చి బిందెను త్రాసు పక్కన పెట్టింది.

"ఇందప్పా. నీ సరుకు మా ఇంట్లో పడింది. ఇచ్చిపోదామని వచ్చినా."

ఆకు తీసి చూస్తే ఎర్రటి బురదనీళ్లు.

"ఏంది పెద్దమ్మా ఇది?"

"నీ చేను."

అంగట్లో ముగ్గురు బేరగాళ్లున్నారు. ముగ్గురూ నవ్వారు.

"ఇంతే తేగలిగినా. మిగతాది మోసేదానికి నాకు శాతగాలా. బండి పంపిస్తే ఎత్తిస్తా" అంది ఆమె.

నలుగురి ముందు మాట పడి ఊరుకుంటే అంగడి నడవదు. "పోనీలే పెద్దమ్మా, నా మన్ను వచ్చి నీ చేన్లో పడితే నీకే గదా లాభం. నేనేమీ అడగనులే, నువ్వే ఉంచుకో" అన్నాను. ఈసారి వాళ్లు నా తరఫున నవ్వారు.

ఆమె నవ్వలేదు. ఎడమ అరచేయి వంచింది. కుడిచేతి వేళ్లు పెట్టింది. ఒక్కొక్క వేలే తీసేసింది.

"నిలిస్తే లాభమే. నిలవలా. మాది గూడా ఎత్తుకోని పోయింది. ఏడు గెనిమల్లో నాలుగు తెగినాయి. చెనిక్కాయలు మొలిచి పది దినాలు. ఏర్లతో సహా ఏట్లో ఉండాయి."

ఆమె బిందెను రెండు చేతులతో సర్దింది. "సాయంత్రం దాకా కదిలించొద్దు. నీళ్లు తేటపడినాక సూడు" అని మెట్లు దిగి వెళ్లిపోయింది. అంగడి మెట్లు కూడా ఏటవాలుగానే దిగింది.

ఆ రోజంతా ఆ బిందె అక్కడే ఉంది. వచ్చినవాళ్లందరూ ఏమిటని అడిగారు. సాయంత్రానికి పైన నీళ్లు తేరాయి. వేలు పెట్టి చూశాను. రెండు కణుపులు దిగింది. అడుగున మన్ను వెన్నలా ఉంది. ఒక్క గులకరాయి లేదు. మా ఆవిడ వచ్చి చూసి, "ఇంత మెత్తటి మన్నా మన చేన్లో ఉండింది?" అంది. ఉండింది. ఆ మాటే సరైనది.

మంగళవారం మా అంగడికి సెలవు. ఆ రోజు బిందె తోమించి తీసుకుని వెళ్లాను. ఆమె లోపలికి చూసింది.

"మన్ను యాడ?"

"వీధి కాలవలో పోయించినా."

"రెండోతూరి పారేసినావు" అంది.

అప్పుడే ఆమె తన చేను చూపించింది. తెగిన నాలుగు గెనిమల దగ్గరా రాళ్లు దొర్లిపోయి, నడుమ కాలువలా కోసుకుపోయి ఉంది. ఆ ఎకరన్నర మీదే ఆమె, కోడలు, రెండు ఆవులు బతుకుతున్నాయి. మరొక్క సంవత్సరం ఇలా జరిగితే కింద బండ తేలుతుంది. బండ మీద ఏమీ మొలవదు. ఆమె ఈ మాటలు ఏడుస్తూ చెప్పలేదు. చెనిక్కాయల ధర చెప్పినట్టు చెప్పింది.

"నష్టం ఎంతో చెప్పు పెద్దమ్మా, ఏదో ఒకటి ఇస్తా" అన్నాను. మనసులో సగానికి తెగ్గొట్టాల్సిన అంకె కూడా అనుకున్నాను.

"నీ దుడ్లు పరిస్తే నీళ్లు నిలుస్తాయా? ఈడ నేనెన్ని కట్టినా పైన నువ్వు ఒదిలితే నిలవదు. నా చేను మిగలాల్నంటే ముందు నీది నిలవాల. నిన్ను బాగుచేయాల్నని కాదప్పా, నా కోసరం. నీ చేన్లో మళ్లీ గెనిమలేస్తా. నువ్వు రాళ్లు మోయాల."

"ఇద్దరు కూలోళ్లను పెడతా."

"పెట్టు. వాళ్లతో పాటు నువ్వు గూడా."

"నేనెందుకు?"

"మోసినోడు అమ్మడు."

అలా మంగళవారాలు మొదలయ్యాయి. రెండు ఎండాకాలాలు.

మొదటి రోజు ఆమె ఒక కర్రల చట్రం తెచ్చింది. రెండు నిలువు కర్రలు పైన కలిపి కట్టి, నడుమ ఒక అడ్డకర్ర. పైముడి నుంచి దారం, దారం చివర రాయి. రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉంటే దారం అడ్డకర్ర మీద గీసిన గీత మీదికి వస్తుంది. అలా ఒక కాలు ఉంచి, ఇంకో కాలు తిప్పుకుంటూ, చేను అడ్డంగా అడుగడుగునా గుర్తు పెట్టుకుంటూ పోవాలి. ఆ గుర్తుల వెంటే రాళ్లు. గీత నిటారుగా రాదు, కొండ ఎలా వంకర తిరిగితే అలా తిరుగుతుంది.

నేను ఆ దారాన్ని చూసి, "ఇది త్రాసే గదా పెద్దమ్మా" అన్నాను.

"త్రాసే. కాకపోతే దీంట్లో ఏలుతో నొక్కేదానికి కుదరదు" అంది.

కూలివాళ్లు పడీపడీ నవ్వారు. నా వేలు నాకు తెలియకుండానే జేబులోకి వెళ్లింది.

నా పాత రాళ్లు టౌనులో ఒక ప్రహరీగోడలో ఉన్నాయి. చేనుకు వెళ్లే బస్సు దాని పక్కనుంచే వెళుతుంది. చక్కగా సున్నం కొట్టారు. నేను కొండ కింద దొర్లిన రాళ్లు ఏరి గంపలో మోసేవాణ్ణి. నడుము పట్టేసేది. ఆమె నా వయసుకు పదిహేనేళ్లు పైన ఉంటుంది. రాయిని ఎత్తే ముందు దాన్ని ఒకసారి తిప్పి చూసి, ఏ వైపు కింద కూర్చోవాలో నిర్ణయించేది. నేను ఎలా పెట్టినా తీసి మళ్లీ పెట్టేది. "రాయికి గూడా బోర్లా, ఎల్లకిలా ఉంటాదప్పా."

గెనిమల వెంట వట్టివేరు పిలకలు నాటించింది. మా అంగట్లో వట్టివేరు కట్టలు మా తాత రోజుల నుంచీ అమ్ముతున్నాం. ఎండాకాలం కుండలో వేసుకుంటారు. కట్ట ధర నాకు నిద్రలో అడిగినా తెలుసు. అది బతికున్నప్పుడు ఎలా ఉంటుందో ఆ రోజే చూశాను. వెంటనే అడిగాను, "ఇది ఎన్నేండ్లకు పీకొచ్చు పెద్దమ్మా?"

ఆమె చేతిలో పిలక అలాగే పట్టుకుని కూర్చుండిపోయింది. "అంగడప్పా, నీకు ఆకలైతే నీ ఏళ్లు కొరుక్కోని తింటావా?" అంది.

అడ్డంగా దున్నించింది. చెనిక్కాయల నడుమ అడ్డంగా కంది సాళ్లు వేయించింది. కోత అయ్యాక చెత్త తగలబెట్టనివ్వలేదు. నేల మీదే పరిపించి, ఉలవలు చల్లించింది. నేల వట్టిగా ఎప్పుడూ ఉండకూడదని, మనిషిని బట్టల్లేకుండా వానలో నిలబెట్టినట్టు ఉంటుందని ఆమె బాధ. రెండో ఏటికి నా చేనులో ఏడు గెనిమలు లేచాయి. ఇంకా నాలుగు ఉన్నాయి. ఆ ఏటి వానలకు ఆమె చేనులో ఒక్క రాయి కదల్లేదు. మొదటిసారి నాకు టీ ఇచ్చింది. రెండేళ్లలో అదే మొదటిది. బెల్లం టీ.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఈ రాత నా గొప్పలతోనే ముగిసేది.

గెనిమలతో నాకొక చిక్కు ఉండేది. ట్రాక్టరు ఒక మెట్టు నుంచి పై మెట్టుకు పోవాలంటే చేను అంచున ఉన్న బండదారి చుట్టూ తిరగాలి. దోవ కావాలంటే అదొక్కటే దోవ అని ఆమె మొదటే చెప్పింది. తిరగడానికి టైము, టైముకు బాడుగ. నేను రెండు మూడుసార్లు కదిపి చూశాను. "నడుమ ఒక సందు ఒదిలితే బండి నేరుగా పోతాది గదా పెద్దమ్మా. గెనిమ అంతా ఉంటాది. బండి పట్టేంత సందు, అంతే." ఆమె అరచేయి కూడా చూపించలేదు. ఒద్దు అని మాత్రం అంది.

ఒద్దన్నది నా చెవికి ఎలా వినిపిస్తుందో పైన చెప్పాను.

ఆమె చెల్లెలి మనవరాలి పెళ్లికి కుప్పం వైపు వెళ్లింది, పది రోజులు. ఆ పది రోజుల్లో వచ్చిన మంగళవారం నేను ఇద్దరు కూలివాళ్లను పెట్టి, ఏడు గెనిమల్లోనూ నడుమన ఒక్కొక్క సందు తీయించాను. ఏడు సందులూ ఒకే వరసలో, పైనుంచి కిందికి సూటిగా. తీసిన రాళ్లు పక్కనే కుప్ప పెట్టించాను. కావాలంటే మళ్లీ పెట్టొచ్చు కదా అని. ట్రాక్టరు పని ఆ రోజు ఎంత తొందరగా అయిందో, ఎంత మిగిలిందో నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆమె పెళ్లి నుంచి తిరిగొచ్చిన మర్నాడే తుఫాను వాన పట్టుకుంది. మధ్యాహ్నం కోడలు ఫోన్ చేసింది. "అన్నా, పొద్దున్నించీ మా యత్త నీ చేన్లోనే ఉండాది. రమ్మంటే రాదు. నువ్వొచ్చి పిలువన్నా." వెనక వాన చప్పుడుకు సగం మాటలే వినిపించాయి. ఆటోను బతిమాలి ఊరిదాకా వెళ్లి, అక్కడినుంచి నడిచాను.

ఏడు గెనిమల వెనక నిలవాల్సిన నీళ్లన్నీ అడ్డంగా పరుగెత్తుకొచ్చి ఆ ఒక్క సందులో పడుతున్నాయి. గెనిమలు లేకపోతే చేనంతా పరుచుకుని పోయేవి. గెనిమలుండి సందు ఉంటే అన్నీ కలిసి ఒక్కచోట దూకుతున్నాయి. కింద ఆమె చేను నడుమ అది వాగులా కోసుకుంటూ దిగుతోంది.

ఆమె కిందినుంచి ఒక్కొక్క సందూ మూసుకుంటూ పైకి వచ్చినట్టుంది. మూడు మూసేసింది. నాలుగో దాంట్లో తుమ్మకంప కుక్కి, కంప తేలిపోకుండా దాని మీద తనే కూర్చుని ఉంది. నీళ్లకు వీపు పెట్టి, కాళ్లు రెండు రాళ్లకు తన్ని పెట్టి. తల మీద గోనెపట్ట ఎప్పుడో కొట్టుకుపోయింది. కోడలు ఏడుస్తూ రాళ్లు అందిస్తోంది.

ఆమె నన్ను చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, తిట్లకు నా దగ్గర జవాబులుంటాయి.

"వచ్చినావా. ఆ పెద్దరాయి ఈడ పెట్టు. అట్ల కాదు, తిప్పి."

తిప్పి పెట్టాను. నాలుగోది మూసేసరికి పొద్దు వాలింది. ఆమె లేవబోయి లేవలేకపోయింది. నేనూ కోడలూ చెరో రెక్క పట్టుకున్నాం. గెనిమ వెంట అడ్డంగా నడిపించుకుపోతుంటే పళ్లు టకటక కొట్టుకుంటూ అడిగింది.

"ఎంత మిగిలిందప్పా బాడుగ?"

నాకు పైసలతో సహా తెలుసు.

ఆ తరువాత ఆమెకు దగ్గు తగ్గలేదు. పలమనేరులో చూపించారు, తిరుపతికి తీసుకెళ్లారు, తీసుకొచ్చారు. నేను బ్రెడ్డూ బత్తాయిలూ పట్టుకుని చూడటానికి వెళ్లాను. ఆమె సంచీలోంచి ఒక బత్తాయి తీసి చేతిలో తూచింది.

"ఎంతకిచ్చినాడు?"

చెప్పాను.

"ఎక్కువ పెట్టినావే. ఏమైందప్పా నీకు?" అంది. నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగాక కళ్లు మూసుకునే అడిగింది, "పైన మూడు సందులుండాయే, మూసినావా?"

"మూసేసినా పెద్దమ్మా."

"అన్నీ?"

"అన్నీ."

ఆమె తల ఊపింది. దుప్పటి మీద ఎడమ అరచేయి వంచి, కుడిచేతి వేళ్లు దాని మీద పెట్టుకుంది. అలాగే నిద్రపోయింది.

మూయలేదు. ఆ మంగళవారం పెళ్లిళ్ల సరుకు వచ్చింది. తరువాతి మంగళవారం ఏదో ఉంది. వానలు అయిపోయాయి కదా, వచ్చే వానల లోపల ఎప్పుడైనా మూయొచ్చు అనుకున్నాను. నా మాటను ఆమె నమ్మింది. ఉన్న మాట ఉన్నట్టు చెబుతారని నమ్మడం ఆమె చదువు.

ఆ వానే ఆమెను తీసుకుపోయిందా అంటే నాకు తెలియదు. తిరుపతి డాక్టరు ఊపిరితిత్తులు ఎప్పటినుంచో పాడై ఉన్నాయన్నాడు. కోడలు కూడా నన్ను ఒక్క మాట అనలేదు. నేనే చంపానని రాసుకుంటే, ఏడ్పులో కూడా నేనే పెద్ద వర్తకుణ్ణని చెప్పుకున్నట్టు అవుతుంది. నాకు సంబంధం లేదని రాస్తే అబద్ధం. అందుకని ఆ ప్రాణాన్ని పద్దులో ఏ వైపూ వేయకుండా, నాకు కచ్చితంగా తెలిసినంతవరకే బిల్లు రాస్తున్నాను.

నేను పెరికించిన గెనిమలు పదకొండు. ఆమె నా చేత మళ్లీ కట్టించినవి ఏడు. ఇంకా కట్టాల్సినవి నాలుగు, ఆమె లేకుండా. ఆమె చేనులో తెగిన వాగు పైనుంచి కిందిదాకా ఉంది. లోతు నా మోకాలి పైకి. దాన్ని పూడ్చడానికి మన్ను బయటినుంచి తోలించొచ్చు, అది మా ఆవిడ చూసిన మన్ను కాదు. అలాంటిది వేలు మందాన చేరడానికి తన కాపురమంతా పట్టిందని ఆమె ఒకసారి చెప్పింది. నాకిప్పుడు యాభై ఎనిమిది. అంత మందాన చేరేదాకా నేనుండను. అది తీరని పద్దు. కోడలికి అలాగే చెప్పాను.

నేను తీయించిన సందులు ఏడు. వానలో మూసినవి నాలుగు. మిగతా మూడింటినీ ఆమె కర్మాంతరం అయిన మర్నాడు మొదలుపెట్టి నేనే మూశాను, కూలివాళ్లు లేకుండా, ఆ కర్రల చట్రం పెట్టుకుని. రాళ్లు పక్కనే కుప్పలుగా ఉన్నాయి. ఒక్కోదానికి అరపూట పట్టింది. మూడింటికీ కలిపి ఒకటిన్నర పూట.